ఆ ఆరు నెలలూ గొడ్డలి ఆపండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల అటవీ శాఖ మంత్రివర్యులకు,



ముప్పై ఒక్క ఏళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. మాది అనంతగిరి కొండల దిగువన, శృంగవరపుకోట వైపు ఒక ఊరు. పులి గురించో ఏనుగు గురించో అయితే నేరుగా మీ పేషీకే రాసేవాణ్ణి. నేను రాసేది గబ్బిలం గురించి. ఉత్తరం విప్పినాయన నవ్వి పక్కన పెడతాడేమోనని భయం. అందుకే నలుగురూ చదివే చోట రాస్తున్నాను.

ముందు జరిగింది చెబుతాను. కొన్నేళ్ల కిందట మార్చి నెలలో మా ఊరి రోడ్డు వెడల్పు చేశారు. ఊరి మొగలో, చెరువు గట్టున ఒక రావిచెట్టు ఉండేది. మా తాత చిన్నప్పటికే అది ముసలిదట. పగలంతా దాని కొమ్మలకు పెద్ద గబ్బిలాలు వేలాడేవి. సాయంత్రం అవి లేచి కొండవైపు పోతుంటే గట్టు మీద కూర్చుని లెక్కపెట్టడం నాకు కాలక్షేపం. రెండు వందల యాభైకి ఎప్పుడూ తగ్గేవి కావు. ఒకరోజు పొద్దున్నే మిషన్ రంపాలతో మనుషులు దిగారు. మొదటి కొమ్మ విరిగేసరికి గబ్బిలాలన్నీ ఒక్క పెట్టున లేచి, ఎండలో కళ్లు కనిపించనట్టు చెరువు మీద గిరికీలు కొట్టాయి. పొట్టన పిల్లలతో లేచినవి లేచాయి. కానీ కొన్ని పిల్లలు అప్పటికే కాస్త పెరిగి, తల్లి పక్కనే కొమ్మ పట్టుకుని ఉన్నాయి. అవి కొమ్మతో పాటే కిందికొచ్చాయి.

గబ్బిలాన్ని వట్టి చేత్తో ముట్టకూడదు. తువ్వాలు అడ్డం పెట్టి ఒకదాన్ని ఎత్తాను. అరచేతిలో పట్టేంత ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఒంటి మీద గోధుమరంగు నూగు, మెడ దగ్గర కొంచెం ఎరుపు. రెక్కలు ఇంకా తడి గుడ్డల్లా మెత్తగా వేలాడుతున్నాయి. తువ్వాలు కొస నోటికి తగిలిందో లేదో, పళ్లతో పట్టేసింది. గబ్బిలం పిల్లకు పాలపళ్లు కొక్కేల్లా వంకరగా ఉంటాయి. తల్లి ఎగిరేటప్పుడు చనుమొన జారిపోకుండా పట్టుకోవడానికి ప్రకృతి ఇచ్చిన కొక్కేలవి. క్లాసులో ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన సంగతే. ఆ పట్టు ఎంత గట్టిదో ఆ రోజే తెలిసింది. తువ్వాలు విడిపించలేక అలాగే వదిలేశాను. సాయంత్రానికి అది చచ్చిపోయింది. ఆ రోజు చెట్టు కింద నేను లెక్కపెట్టినవి పంతొమ్మిది.

చెట్టు కొట్టినవాళ్ల దగ్గర కాగితం ఉంది, సరిగ్గానే ఉంది. ఏ చెట్టు, ఎంత చుట్టుకొలత, ఎక్కడుంది, ఎందుకు కొట్టాలి, అన్నీ రాశారు. ఆ చెట్టు మీద ఎవరు కాపురం ఉంటున్నారో, ఆ నెలలో వాళ్లింట్లో పురుడుందో లేదో రాయడానికి మాత్రం గడి లేదు. ఈ ఉత్తరంలో నేను ప్రధానంగా అడిగేది ఆ ఒక్క గడి.

ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే గబ్బిలం పిల్లను కనే తీరు చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి.

ఎలుక కూడా గబ్బిలమంతే చిన్న జంతువు. ఏడాదిలో నాలుగైదు ఈతలు, ఈతకు అరడజనుకు పైగా పిల్లలు. సగం చచ్చినా మళ్లీ పుట్టుకొస్తాయి. గబ్బిలం అలా కాదు. కొన్ని జాతులు కవలల్ని కంటాయి గానీ ఎక్కువ జాతులకు ఈతకు ఒక్క పిల్లే. మన పెద్ద గబ్బిలానికైతే ఏడాదికే ఒక్క పిల్ల. వానాకాలంలో జతకడతాయి, అయిదు నెలల దాకా మోస్తాయి, శివరాత్రి దాటాక, ఉగాదికి అటూ ఇటూగా కంటాయి. ఆ పిల్ల పాలు మానడానికి మరో అయిదు నెలలు. అంటే ఏడాదిలో పది నెలలు ఆ తల్లి ఒక్క పిల్ల పని మీదే ఉంటుంది. చిన్న గబ్బిలాల్లో పుట్టిన పిల్ల బరువు తల్లి బరువులో నాలుగో వంతు ఉంటుంది. అరవై కిలోల ఆడమనిషి పదిహేను కిలోల బిడ్డను కన్నట్టు లెక్క. ఆ బిడ్డను పొట్టన కరుచుకుని రాత్రంతా ఎగరాలి, తినాలి, పాలు చేపాలి.

ఇంత నిదానంగా కనే జంతువు బతికి బట్టకట్టింది ఆయుష్షు వల్లే. తన సైజు క్షీరదాల్లో చాలావాటికంటే గబ్బిలం ఎక్కువ కాలం బతుకుతుంది. సైబీరియాలో ఎనిమిది గ్రాములైనా లేని ఒక గబ్బిలం 41 ఏళ్ల తర్వాత ప్రాణాలతో దొరికింది. నిదానంగా కని, చాలాకాలం బతికి లెక్క సరిచేసుకునే జాతులివి. అందుకే మార్చిలో కూలిన ఒక చెట్టు అక్కడి గుంపుకు ఒక ఏడాది మొత్తం పంటను తీసేస్తుంది.

ఉష్ణమండలపు అడవి ఎప్పుడూ పచ్చగా ఉంటుంది కదా, అక్కడ నెలల పట్టింపు ఏమిటని మా స్టూడెంట్లు అడిగేవాళ్లు. పచ్చగా ఉండటం వేరు, పండు ఉండటం వేరు. పనామా కాలువ కోసం 1914 నాటికి నదికి అడ్డకట్ట వేస్తే, నీళ్లు చుట్టుముట్టి ఒక కొండ దీవిగా మిగిలింది. పేరు బర్రో కొలరాడో. మేడి జాతి పండ్లు తినే గబ్బిలం ఒకటి అక్కడుంది. థియోడర్ ఫ్లెమింగ్ అనే శాస్త్రవేత్త 1971లో దాని గుట్టు బయటపెట్టాడు. అది ఏడాదికి రెండు ఈతలు ఈనుతుంది, రెండూ పండ్లు దండిగా దొరికే కాలంలోనే. రెండో ఈత అయ్యాక మళ్లీ చూలు కడుతుంది గానీ, ఆ పిండం రెండు నెలలకు పైగా పెరగకుండా అలాగే ఆగిపోతుంది. అడవిలో పండు లేని రోజుల్లో బిడ్డ పుట్టకుండా కడుపులోనే గడియారం ఆపేస్తుంది. మళ్లీ కదిలించి, సరిగ్గా పండ్లు దిగే వేళకు కంటుంది.

ఇదేదో పరదేశపు వింత అనుకోకండి. మన పెరటి నరమామిడి చెట్టులో ఉండే చిన్న పండ్ల గబ్బిలం కూడా పిండాన్ని అలా ఆపగలదని కాశీ హిందూ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. పురుగులు తినే మన పసుపు గబ్బిలం ఇంకో దారి పట్టింది. చలికాలంలో జతకట్టి, మగదాని బీజాన్ని కడుపులో దాచుకుని, మార్చి దాకా ఆగి అప్పుడు చూలవుతుంది. పిల్ల పుట్టేసరికి తొలకరి పడి పురుగూ పుట్రా లేచి ఉంటాయి. పంచాంగం మనం పుస్తకంలో చూసుకుంటాం, అవి ఒంట్లో మోస్తాయి. మన గొడ్డలికే తిథీ వారం లేదు.

ఆ చిన్న పండ్ల గబ్బిలం గురించి ఇంకో ముచ్చట చెప్పనివ్వండి. ఏజెన్సీలో జీలుగు చెట్టు మీకు తెలుసు. కల్లు సంగతి చెప్పనక్కర్లేదు. జీలుగు గెల గుర్రపు తోకలా బారుగా వేలాడుతుంది. మగ గబ్బిలం ఆ గెలలో దూరి మధ్యలో ఉన్న పోచల్ని ఒక్కొక్కటే కొరికి రాలుస్తుంది. చుట్టూ ఉన్నవి అలాగే ఉంటాయి. కొన్ని వారాలకు లోపల గంట ఆకారంలో గుల్ల ఏర్పడుతుంది. కింద నుంచి తల పెట్టి చూస్తే తప్ప అక్కడ ఇల్లుందని తెలియదు. ఇల్లు కట్టిన మగదాని దగ్గరికే ఆడవి చేరతాయి. ఒక్కో ఇంట్లో నాలుగైదు మొదలు పదికి పైగా. నరమామిడిలో, గోడ మీది తీగల్లో కూడా ఇలాగే కడతాయి. కాన్పైన కొద్ది రోజులకే ఆడది మళ్లీ చూలవుతుంది, ఏడాదికి రెండు ఈతలు. ఇల్లు కట్టనివాడికి పెళ్లి కాదన్నమాట. ఈ మాట చెప్పినప్పుడు క్లాసులో ఆడపిల్లలు నవ్వేవాళ్లు, మగపిల్లలు నోట్సు రాసుకునేవాళ్లు.

మనకేమిటి లాభం అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగాల్సిందే. ఏప్రిల్‌లో తెల్లవారుజామున ఏజెన్సీ ఆడవాళ్లు తట్టలు పట్టుకుని ఇప్పచెట్ల కిందికి వెళతారు. రాలిన పువ్వు ఏరి, ఎండబెట్టి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. వాళ్లకంటే ముందు అర్ధరాత్రి అక్కడ డ్యూటీ చేసి వెళ్లింది గబ్బిలం. ఇప్పపువ్వు విప్పారేది రాత్రిపూట. తియ్యటి ఆ కండ కోసం వచ్చిన గబ్బిలం ఒంటికి పుప్పొడి అంటించుకుని చెట్టు చెట్టూ తిరుగుతుంది. తర్వాత కాయ కాసినప్పుడు గుజ్జు తిని, గింజను దూరాన పడేస్తుంది. మర్రి, రావి, మేడి, జువ్వి పండ్లయితే నోట్లో పిండి, రసం మింగి, పిప్పి ఉమ్మేస్తుంది. రసంతో పాటు జారిన సన్నటి గింజలు అరగంట తిరక్కుండానే ఎగురుతుండగా కింద రాలతాయి. పక్షి ఎక్కువగా కొమ్మ మీద కూర్చుని రెట్ట వేస్తుంది, కాబట్టి గింజ ఉన్న చెట్టు కిందే పడుతుంది. గబ్బిలం బోడి కొండ మీద కూడా గింజ జల్లుకుంటూ పోతుంది. పోడు కొట్టి వదిలేసిన కొండ మీద మొదట లేచే జువ్వి మొక్కను మీ శాఖ నర్సరీ నుంచి ఎవరూ తెచ్చి నాటలేదు.

మైదానంలో వరి రైతుకూ ఇందులో భాగముంది. థాయిలాండ్‌లో పురుగులు తినే ఒక్క జాతి గబ్బిలం దోమపోటును ఎంత తగ్గిస్తోందో 2014లో లెక్క కట్టారు. ఏటా 2,900 టన్నుల ధాన్యం మిగులుతోందని తేలింది. మన దగ్గర దోమపోటుకు ఎకరాకు ఎన్ని మందు డబ్బాలు ఖర్చవుతాయో రైతులనే అడగండి.

ఇక నిపా. నాకు తెలుసు, మీ బల్ల మీద గబ్బిలం అనగానే కనిపించే ఫైలు అదొక్కటే. 2018 మే నెలలో కోళికోడ్ జిల్లాలో ఆ జబ్బు బయటపడ్డప్పుడు ఇక్కడ మా ఊళ్లో కూడా చింతచెట్టు కింద టపాసులు కాల్చారు, గబ్బిలాలను తరమడానికి. భయం అబద్ధం కాదు. ఆ వైరస్ పెద్ద గబ్బిలాల్లో ఉంటుంది, వాటినేమీ చేయదు, మనిషికి అంటితే చంపగలదు. కానీ చెట్టు కొడితే వైరస్ చావదు. గబ్బిలాలు చెదిరి నాలుగు ఊళ్లకు పోతాయి, ఆకలితో, దిగులుతో. ఆస్ట్రేలియాలో నిపాకు చుట్టమైన హెండ్రా వైరస్ మీద పాతికేళ్ల వివరాలు సేకరించి 2022లో ఒక సంగతి తేల్చారు. చలికాలంలో పూసే అడవులు నరికేశాక గబ్బిలాలు పొలాల్లోకి, ఊళ్లలోకి వచ్చాయి. తిండి కరువైన ఏళ్ల తర్వాతే జబ్బు గుర్రాలకు పాకింది. అడవి విరగబూసిన చలికాలాల్లో ఒక్క కేసూ లేదు. కడుపు నిండిన గబ్బిలం మనకూ క్షేమం. జాగ్రత్తలు మాత్రం మనం తీసుకోవాలి. కొరికి పడేసిన పండు తినకూడదు. బంగ్లాదేశ్‌లో ఈత రసం ముంతలకు వెదురు తడిక కడుతున్నారు, మన కల్లుగీత కార్మికులకూ ఆ తడికలు ఇప్పించండి. గబ్బిలం చీకేసిన బాదంకాయలు ఏరి, పప్పు కొట్టుకు తిన్న బాల్యం మాది. ఇప్పుడు మనవణ్ణి తిననివ్వను. అలాగని బాదంచెట్టు కొట్టించను.

చట్టం సంగతికొస్తే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అయిదో షెడ్యూలు ఒకటుండేది. కాకి, ఎలుక, చిట్టెలుక, పండ్ల గబ్బిలం, ఈ నాలుగూ చీడ జంతువులు, ఎవరైనా చంపొచ్చు. అంటే అడవిని నాటే జంతువును అర్ధ శతాబ్దం పాటు చీడపురుగు కింద జమకట్టాం. 2022 సవరణలో ఆ షెడ్యూలు ఎత్తేశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఈ మాట మా మండలంలో ఎందరికి తెలుసో చూద్దామని అడిగాను. ఉబ్బసానికి మందని గబ్బిలాలను ఉండేలు దెబ్బతో కొట్టేవాడికి తెలియదు, అది సరే. చెట్టుకు అనుమతి రాసే గుమాస్తాకూ తెలియదు.

చెట్ల సంగతి చెప్పాను, గుహల సంగతి కూడా ఉంది. మాకు దగ్గరలోనే బొర్రా గుహలు. గుడ్డి చీకట్లో నాలుకతో టకటకమని చప్పుడు చేసి, ఆ ప్రతిధ్వనితో దారి పోల్చుకునే పండ్ల గబ్బిలాలు అక్కడున్నాయి. పండ్ల గబ్బిలాల్లో ఈ విద్య ఆ ఒక్క ప్రజాతికే బాగా వచ్చు. దానికి కూడా ఏడాదికి రెండు ఈతలు. మొదటి కాన్పు మార్చిలో, వెంటనే మళ్లీ చూలై రెండోది జూలై, ఆగస్టుల్లో. అంటే కార్తీకం పిక్నిక్కుల నుంచి వేసవి సెలవులు దాటేదాకా, అరకు రైలు కిటకిటలాడే కాలమంతా, ఆ చీకట్లో చూలాలో బాలెంతో ఉంటూనే ఉంటుంది. గుహ మూసేయమని నేననను, దాని మీద వందల కుటుంబాలు బతుకుతున్నాయి. గబ్బిలాలున్న మూలకు రంగు దీపాలు తిప్పొద్దు, అక్కడ అరుపులు వద్దు అంటున్నాను. ఆలయాల్లోనూ ఇదే వరస. 1941లో కవి జాషువా గారు తన సందేశానికి గబ్బిలాన్ని ఎంచుకున్నది, తనను రానివ్వని గుడిలోకి దానికి ప్రవేశం ఉందని. ఇప్పుడు గోపురాలకు వల బిగించి దానికీ తలుపు మూస్తున్నారు. బిగించేది పిల్లలు లోపలున్న నెలలో అయితే తల్లి వల బయటా పిల్ల లోపలా.

ఆలస్యమైతే ఏమవుతుందో చూడాలంటే కోలారు వెళ్లాలి. మన కుప్పం సరిహద్దు దాటితే అదే జిల్లా, చాలామంది తెలుగు మాట్లాడతారు. అక్కడి హనుమనహళ్లిలో ఒక గుహ ఉంది. ఆకుముక్కు గబ్బిలాల్లో ఒక జాతి, 1994లో లోకానికి తెలిసింది, భూమి మీద ఆ ఒక్క గుహలోనే మిగిలింది. మొత్తం రెండు వందల లోపు. మన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన భార్గవి శ్రీనివాసులు, చెల్మల శ్రీనివాసులు దాన్ని వెతికి, పక్కనే తేరహళ్లిలో ఒకప్పుడున్న గుంపు ఇక లేదని చెప్పారు. చుట్టూ గ్రానైట్ తవ్వకాలు. ఆకుముక్కు జాతుల తల్లికి పొట్ట కింద పాలు రాని రెండు ఉత్తుత్తి చనుమొనలుంటాయి, పిల్ల పట్టుకుని వేలాడటానికే. మందుగుండు పేలి గుహ అదిరినప్పుడు పిల్లకు ఉన్న ఆధారం అదే. 2016 నుంచి ఈ కోలారు గబ్బిలం అంతరించడానికి ఒక్క మెట్టు దూరంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. గుహల చుట్టూ ముప్పై ఎకరాలు కాపాడటానికి కర్ణాటక ముందుకొచ్చింది. మన తూర్పు కనుమల్లో, నల్లమలలో, క్వారీ లీజులున్న గుట్టల్లో ఏ గుహలో ఏ గబ్బిలం ఉందో లీజు ఇచ్చే ముందు ఒక్కసారి లోపలికి తొంగిచూడమనండి. తొంగిచూడటానికి మనుషులు ఉస్మానియాలోనే ఉన్నారు.

నా మనవి ఏమిటో ఇప్పటికి మీకు అర్థమై ఉంటుంది. మన వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది, చెట్టు కొట్టాలంటే అనుమతి అడగాలి. ఆ దరఖాస్తులో ఒక గడి పెట్టించండి: చెట్టు మీద గబ్బిలాల గుంపు ఉందా? ఉందంటే ఫిబ్రవరి నుంచి జూలై దాకా కొట్టకూడదు. అసలే కొట్టొద్దని నేననడం లేదు, రోడ్లు నాకూ కావాలి, మా ఆవిడ డయాలసిస్‌కు విశాఖ వెళ్లేది ఆ రోడ్డు మీదే. ఆగస్టుకు పిల్లకు రెక్కలొస్తాయి, అప్పుడు కొడితే కనీసం ఎగిరిపోతుంది. చెరువు గట్టున, నీటి ఒడ్డున ఉన్న చెట్లయితే మాత్రం ఇంకోసారి ఆలోచించండి. మే నెల ఎండకు గబ్బిలాలు రెక్కలు విసనకర్రల్లా ఊపుకుంటూ, ఒళ్లు నాక్కుంటూ గడుపుతాయి. ఆస్ట్రేలియాలో 2002 జనవరిలో ఒక్క రోజు 42 డిగ్రీలు దాటితే మూడున్నర వేలకు పైగా రాలిపోయాయి. పోయినవాటిలో పిల్లలు, ఆడవే ఎక్కువ. మనకు 45 మామూలు. నీటి పక్క నీడ వాటికి ఆసుపత్రి లాంటిది.

రావిచెట్టు పోయాక మా గబ్బిలాలు రెండేళ్లు కనిపించలేదు. తర్వాత పాత బడి వెనక చింతచెట్టు మీదికి కొన్ని వచ్చి చేరాయి. కిందటి సాయంత్రం లెక్కపెడితే అరవై మూడు. నాలుగింటి పొట్టన పిల్లలున్నాయి. ఆ బడి ప్రహరీ కొత్తగా కడతారట, చెట్టు అడ్డమొస్తుందని కొలతలు తీసుకుని వెళ్లారు.

మీ బీట్ ఆఫీసరును ఒకసారి పంపండి, చూపిస్తాను. సాయంత్రం ఆరుంపావుకల్లా చెట్టు దగ్గరుండాలి. టార్చి అక్కర్లేదు. నెత్తిన టోపీ పెట్టుకుని రమ్మనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరరు,
శృంగవరపుకోట ప్రాంతం.